ముందు ఉద్యోగం, నేర్పడం అక్కడే

ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్న కుర్రాణ్ని కిరాణా కొట్లో పెట్టేటప్పుడు “వీడు పనికి సిద్ధంగా ఉన్నాడా?” అని ఎవరూ పరీక్ష పెట్టరు. నాలుగు రోజులు చేస్తే అదే వస్తుందంటారు. మేధోవైకల్యం ఉన్న కుర్రాడి విషయంలోనో, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతున్న అమ్మాయి విషయంలోనో ఆ లెక్క మారిపోతుంది. ముందు శిక్షణ కేంద్రానికి పంపుతారు. అక్కడ కొవ్వొత్తులు, ఫైల్ కవర్లు, ఫినాయిల్ సీసాలు. అవి బాగా చేస్తే ఇంకో శిక్షణ. అదీ అయ్యాక “ఇంకా రెడీ కాలేదు” అన్న మాట. ఇలా పదేళ్లు గడిచిపోయినవాళ్లు ఉన్నారు.

మన 2011 జనాభా లెక్కల్లో వికలాంగులు 2.68 కోట్ల మంది. వాళ్లలో ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు 36 శాతం. పురుషుల్లో 47 శాతం, స్త్రీలలో 23 శాతం. పని లేకపోవడానికి కారణం వైకల్యమేనని అనుకోవడం తేలిక. కానీ గత యాభై ఏళ్ల పరిశోధన వేరే కారణం చూపిస్తోంది. అందులో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా దేశాల్లో జరిగింది. “ముందు సిద్ధం కావాలి, తర్వాతే ఉద్యోగం” అన్న వరుసే చాలామందిని ఇంటికి కట్టేస్తోందని అది తేల్చింది. వరుస తిరగేసి, ముందు మామూలు జీతం వచ్చే ఉద్యోగంలో పెట్టి, అక్కడే నేర్పి, వెనక ఒక మనిషి నిలబడితే ఫలితం చాలా మెరుగ్గా ఉంది. ఈ పద్ధతినే సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటారు.

వినడానికి సులువుగానే ఉంటుంది. చేసేటప్పుడు ఎక్కడ చెడుతుందో తెలియాలంటే వివరాల్లోకి వెళ్లాలి.

బ్రేకు ముక్కలకు రంగు

మార్క్ గోల్డ్ అనే అమెరికా పరిశోధకుడు 1972లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. నాలుగు షెల్టర్డ్ వర్క్‌షాపుల నుంచి, అంటే వికలాంగులకోసమే విడిగా నడిపే పని కేంద్రాల నుంచి 64 మందిని తీసుకున్నాడు. అందరికీ ఒక మోస్తరు నుంచి తీవ్ర స్థాయి దాకా మేధోవైకల్యం ఉంది. వాళ్లకు ఇచ్చిన పని సైకిల్ బ్రేకు బిగించడం, పెడల్ వెనక్కి తొక్కితే పడే రకం. అందులో 15 ముక్కలు. సగం మందికి ముక్కల్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఇచ్చాడు. మిగతా సగం మందికి ఒక్క మార్పు చేశాడు. ముక్కను సరిగ్గా పెట్టినప్పుడు పనివాడి వైపు ఏ ముఖం కనిపించాలో ఆ ముఖానికి రంగు వేశాడు. రంగు కనబడితే ముక్క సరిగ్గా ఉన్నట్టు, కనబడకపోతే తిప్పాలన్నట్టు.

రంగు ముక్కలవాళ్లు చాలా త్వరగా నేర్చుకున్నారు. ఆ తర్వాత అందరికీ 24 ముక్కల ఇంకో బ్రేకు ఇచ్చాడు, ఈసారి ఏ రంగూ లేకుండా. అదీ నేర్చుకున్నారు. అప్పటిదాకా ఈ మనుషులకు వర్క్‌షాపుల్లో ఇచ్చే పని సామాన్లు లెక్కపెట్టి సంచుల్లో వేయడం లాంటిదే. నేర్చుకోనివాడిలో లోపం వెతకడం మాని నేర్పే పద్ధతిలో వెతకాలని గోల్డ్ జీవితాంతం వాదించాడు. ఇవాళ జాబ్ కోచ్‌లు, అంటే పని జరిగే చోటే పక్కన ఉండి నేర్పేవాళ్లు చేసే పనికి మూలం ఈ ప్రయోగాల్లోనే ఉంది.

దీన్ని మన టిఫిన్ సెంటర్‌కు తెచ్చి చూద్దాం. పని: ఇడ్లీ పార్సెల్ కట్టడం. పైకి ఒక్క పనిలా కనిపిస్తుంది కానీ విడదీస్తే పది మెట్లు తేలతాయి. చీటీ చూడాలి, కాగితం పరవాలి, నాలుగు ఇడ్లీలు పెట్టాలి, మడవాలి, చట్నీ ప్యాకెట్ తీయాలి, సాంబారు ప్యాకెట్ తీయాలి, సాంబారు అడుగున పడేలా కవర్లో సర్దాలి, ఇడ్లీ పొట్లం దాని పైన పెట్టాలి, మూతి ముడేయాలి, చీటీతో పాటు కౌంటర్ మీద పెట్టాలి. జాబ్ కోచ్ ముందు తానే రెండు పూటలు ఈ పని చేసి మెట్లు రాసుకుంటాడు. ఈ దశ దాటేసి మొదటి రోజే అభ్యర్థిని తీసుకొచ్చి నిలబెట్టడం చాలా చోట్ల జరిగే తప్పు. రద్దీలో ఏ మెట్టు తడబడుతుందో కోచ్‌కే తెలియకపోతే నేర్పేదేముంది?

తప్పు ఎక్కడ జరుగుతుందో ఊహించవచ్చు. నాలుగు లెక్కపెట్టడం దగ్గర, ఏదో ఒక ప్యాకెట్ మర్చిపోవడం దగ్గర. వాటికి మందు తిట్టడమూ కాదు, పదిసార్లు చెప్పడమూ కాదు. ఒక పళ్లెం మీద పెయింట్‌తో నాలుగు గుండ్రాలు గీస్తే గుండ్రాలన్నీ నిండితే ఇడ్లీలు సరిపోయినట్టే, లెక్క రాకపోయినా పని ఆగదు. ట్రేలో మూడు గళ్లు గీసి పొట్లానికి ఒకటి, చట్నీకి ఒకటి, సాంబారుకు ఒకటి కేటాయిస్తే ఖాళీ గడి తానే చెబుతుంది ఏది రాలేదో. చీటీ చదవలేకపోతే ఇడ్లీకి తెల్ల టోకెన్, దోసెకు పసుపు టోకెన్. ఇవన్నీ కలిపి వంద రూపాయల ఖర్చు కాదు. గోల్డ్ వేసిన రంగు చేసింది ఇదే పని.

ఇక చెప్పే తీరు. కోచ్ దగ్గర ఒక కాగితం ఉంటుంది. నిలువునా పది మెట్లు, అడ్డంగా తేదీలు. తనంతట తానే చేస్తే ఒక గుర్తు, మాటతో గుర్తుచేస్తే ఒకటి, సైగ చేస్తే ఒకటి, చేసి చూపిస్తే ఒకటి, చేయి పట్టి చేయిస్తే ఒకటి. సాయం తక్కువ దాని నుంచి మొదలుపెట్టి అవసరమైతేనే పైకి వెళ్లాలి. ప్రతిసారీ నోరు తెరిచే ముందు నాలుగైదు సెకన్లు ఆగాలి. ఆగకపోతే మనిషి కోచ్ మాట కోసమే చూస్తూ నిలబడటం అలవాటు చేసుకుంటాడు. తర్వాత కోచ్ లేనిరోజు చేయి కదలదు. వరుసగా కొన్ని రోజులు పది మెట్లూ సొంతంగా పడ్డాక కోచ్ రెండడుగులు వెనక్కి, తర్వాత తలుపు దగ్గరికి, తర్వాత రోజు విడిచి రోజు రావడానికి మారాలి.

దీన్ని చెడగొట్టే పని ఒకటుంది. అది మంచి మనసుతోనే జరుగుతుంది. ఉదయం ఎనిమిదింటికి జనం నిండిపోతారు, యజమాని విసుక్కుంటాడు, కోచ్ తానే చొక్కా చేతులు మడిచి పార్సెళ్లు కట్టేస్తాడు. ఆ పూట గడుస్తుంది. కానీ యజమాని కళ్లలో పనివాడు ఇప్పుడు కోచే. అంతకంటే మేలైన దారి పక్కనున్న వంటమాస్టరుకో సర్వర్‌కో ఎలా చెప్పాలో నేర్పడం. కోచ్ ఎప్పటికైనా వెళ్లిపోతాడు, పక్కవాళ్లు ఉంటారు. పరిశోధకులు దీన్ని సహజ మద్దతు అంటారు.

శిక్షణ కేంద్రంలో నేర్చింది ఎందుకు ఎగిరిపోతుంది

మేధోవైకల్యం, ఆటిజం ఉన్న చాలామందికి ఒకచోట నేర్చింది ఇంకోచోట వాడటం కష్టం. కేంద్రంలో వాడిన బల్ల, వెలుతురు, మాస్టారి గొంతు అన్నీ ఆ నైపుణ్యంలో కలిసిపోయి ఉంటాయి. చోటు మారితే మళ్లీ మొదటికి రావాలి. మరి ఆ శ్రమ నేరుగా పని జరిగే చోటే పడితే సరిపోతుంది కదా. అమెరికాలో పాల్ వేమన్ అనే పరిశోధకుడి బృందం వర్జీనియాలో ఈ వాదనను ఆచరణలో పెట్టి చూపించింది. 1986లో అక్కడి పునరావాస చట్టం సవరణల్లో సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్‌కు చోటు దొరికింది.

అదే బృందం తర్వాత ఆటిజం ఉన్న 18–21 ఏళ్ల యువత మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. బడి చివరి ఏడాదిని తరగతి గదిలో కాకుండా ఆసుపత్రిలో గడిపించారు. ఒక్కో విభాగంలో కొన్ని వారాల చొప్పున ఇంటర్న్‌షిప్, పక్కనే శిక్షకులు. ఈ నమూనాకు ప్రాజెక్ట్ సెర్చ్ అని పేరు. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైంది. అధ్యయనంలో ఈ దారిన వెళ్లిన 24 మందిలో 21 మందికి ఉద్యోగాలు వచ్చాయి. మామూలు బడి పద్ధతిలో ఉన్న 16 మందిలో ఒక్కరికే వచ్చింది. సంఖ్య చిన్నదే, కాబట్టి ఈ శాతాలనే పట్టుకుని ఊరేగకూడదు. అయినా 21కీ, ఒకటికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

పోలీసు ఐపీఎస్ కాదు

మానసిక అనారోగ్యం దగ్గరికి వస్తే ఆధారాలు ఇంకా గట్టివి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో డెబోరా బెకర్, రాబర్ట్ డ్రేక్ రూపొందించిన పద్ధతి పేరు ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్, పొట్టిగా ఐపీఎస్. 1990ల మొదట్లో అక్కడ మానసిక రోగులు పగలు వచ్చి గడిపే ఒక డే కేర్ కేంద్రాన్ని మూసేసి, దాని సిబ్బందినే ఉద్యోగాలు వెతికిపెట్టే పనిలోకి మార్చారు. పని ఒత్తిడికి జబ్బు తిరగబెడుతుందని అందరూ భయపడ్డారు. ఉద్యోగాలు చేసేవాళ్ల సంఖ్య పెరిగింది కానీ ఆసుపత్రి పాలైనవాళ్ల సంఖ్య పెరగలేదు.

ఐరోపాలో అయితే ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. లండన్, ఉల్మ్, రిమిని, జ్యూరిక్, గ్రోనింగెన్, సోఫియా నగరాల్లో తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్న 312 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా పంచారు. ఒక జట్టుకు ఐపీఎస్, ఇంకో జట్టుకు ఆ ఊళ్లో అప్పటికే ఉన్న మంచి శిక్షణ కేంద్రాల సేవలు. పద్దెనిమిది నెలల్లో ఒక్కరోజైనా మామూలు ఉద్యోగం చేసినవాళ్లు ఐపీఎస్ జట్టులో 156కి 85 మంది, రెండో జట్టులో 156కి 43 మంది. మధ్యలో సేవ మానేసినవాళ్లు ఐపీఎస్‌లో 13 శాతమైతే అక్కడ 45 శాతం. తిరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 20 శాతం, అక్కడ 31 శాతం. 2007లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం “పనిచేస్తే జబ్బు ముదురుతుంది” అన్న మాటకు గట్టి జవాబు.

ఐపీఎస్‌లో మొదటి సూత్రం, ఉద్యోగం చేస్తానన్న మనిషిని ఏ కారణంతోనూ వెనక్కి పంపకూడదు. ఇంకా లేని గొంతులు వినబడుతున్నాయని గానీ, మొన్ననే డిశ్చార్జి అయ్యాడని గానీ, పదేళ్లుగా పని చేయలేదని గానీ ఆపడానికి లేదు. ఉద్యోగం కావాలని అతను అంటే చాలు. డాక్టర్లకు మింగుడుపడని సూత్రమూ ఇదే. కానీ లక్షణాల తీవ్రతను బట్టి ఎవరు ఉద్యోగంలో నిలబడతారో ముందే చెప్పడంలో నిపుణులు పదేపదే పొరబడ్డారు కాబట్టే ఇది వచ్చింది.

రెండోది వేగం. చేరిన నెలలోపు ఒక యజమానితోనైనా ముఖాముఖి మాట్లాడి ఉండాలి. ఆరు నెలలు వ్యక్తిత్వ వికాసం తరగతులు పెడితే మనిషిలో ఉన్న ఆసక్తి ఆరిపోతుంది.

ఐపీఎస్‌లో ఉద్యోగం వెతికిపెట్టి వెనక నిలబడే ఉద్యోగ సహాయకుడి రోజు ఎలా ఉండాలో కూడా కొలతలు ఉన్నాయి. అతని కింద 20 మందికి మించి ఉండకూడదు. పని సమయంలో 65 శాతం ఆఫీసు బయటే గడపాలి. వారానికి కనీసం ఆరుగురు యజమానుల్ని స్వయంగా కలవాలి. యజమాని దగ్గరికి వెళ్లగానే “మా దగ్గర ఒక వికలాంగుడున్నాడు, ఉద్యోగం ఇవ్వండి” అని అడగకూడదు. మొదటిసారి పరిచయం చేసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోవడం, రెండోసారి వాళ్ల వ్యాపారం ఎలా నడుస్తుంది, ఏ షిఫ్టుకు మనుషులు దొరకడం లేదు, ఎవరు నిలబడటం లేదు అని వినడం, మూడోసారి ఆ అవసరానికి సరిపోయే మనిషిని చెప్పడం. జాలితో ఇచ్చిన ఉద్యోగం ఆ మేనేజరు బదిలీ అయ్యేదాకానే ఉంటుంది, అవసరానికి ఇచ్చినది నిలుస్తుంది.

వైద్య బృందంతో కలిసి పనిచేయడం అన్నది కాగితం మీద రాసుకునే లాంఛనంగా మిగిలిపోతుంటుంది. దాని అసలు అర్థం ఇలా ఉంటుంది: ఒకామెకు ఉదయం ఆరింటి షిఫ్టు, రాత్రి వేసుకునే మాత్రకు తొమ్మిదిదాకా మగత. వారంలో మూడు రోజులు ఆలస్యం. మేనేజరుకు బద్ధకంగా కనిపిస్తుంది. సహాయకురాలు ప్రతి వారం డాక్టరుతో కూర్చుంటే మాత్ర వేళ ముందుకు జరపడమో, షిఫ్టు మార్పించడమో ఒక్క వారంలో తేలిపోతుంది. వేరు ఆఫీసు, వేరు ఫైలు అయితే ఆమె ఉద్యోగం పోయాక గానీ డాక్టరుకు తెలియదు.

జబ్బు సంగతి యజమానికి చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి నిర్ణయం. సహాయకుడిది కాదు, తల్లిదండ్రులదీ కాదు. చెప్పినా ఎంతవరకు చెప్పాలి, జబ్బు పేరు చెప్పాలా లేక “మధ్యాహ్నం ఒక అరగంట విరామం కావాలి” అంటే చాలా అన్నది ముందే మాట్లాడుకుని రాసుకోవాలి.

“మేమూ ఇదే చేస్తున్నాం” అనే సంస్థలు ఎక్కడైనా దొరుకుతాయి. అందుకే ఐపీఎస్‌కు ఒక కొలబద్ద పెట్టారు. 25 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం 125. 73, అంతకన్నా తక్కువ వస్తే దాన్ని సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అని పిలవకూడదు. వంద, అంతకన్నా ఎక్కువ వస్తే మంచి అమలు. మార్కులు ఎక్కువున్న చోట ఉద్యోగాలూ ఎక్కువగా ఉన్నాయని అధ్యయనాలు చూపాయి. నా దృష్టిలో ఈ రంగానికి పరిశోధన ఇచ్చిన పెద్ద బహుమతి ఈ మార్కుల పట్టికే. సేవ చేస్తున్నామన్న తృప్తిని కొలతలోకి దించింది.

లోటుపాట్లూ చెప్పాలి. ఐపీఎస్ ద్వారా వచ్చే ఉద్యోగాల్లో చాలావరకు పార్ట్‌టైమ్, మొదటి ఉద్యోగం కొన్ని నెలల్లోనే ముగియడం మామూలు. అందుకే సాయానికి గడువు పెట్టకూడదన్నది ఒక సూత్రం. ఒక ఉద్యోగం పోతే ఎందుకు పోయిందో కూర్చుని చూసి రెండోది వెతకాలి, అంతేగాని కేంద్రానికి తిప్పి పంపకూడదు. ఇంకో సంగతి, ఈ ప్రయోగాలన్నీ జీతమిచ్చే యజమాని ఉన్న ఉద్యోగాల చుట్టూ జరిగాయి. మన దగ్గర ఎక్కువమంది బతుకుదెరువు కొట్టు, పొలం, కూలి, సొంత బండి. అక్కడ యజమాని బదులు కుటుంబమో, పొదుపు సంఘమో ఉంటుంది. సూత్రాలు పనికొస్తాయి, కొలతల్ని మన చోట మళ్లీ పరీక్షించుకోవాలి.

తలుపు దగ్గర ఆగిపోయే దరఖాస్తు

మనిషి ఎంత సిద్ధంగా ఉన్నా అవతలివాళ్లు తలుపు తీయాలి కదా. అమెరికాలో రట్జర్స్, సిరక్యూజ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు అకౌంటెంట్ ఉద్యోగాలకు 6,016 కల్పిత దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం. కొన్ని కవర్ లెటర్లలో వెన్నెముక గాయం గురించి, కొన్నిటిలో ఆటిజంలో ఒక రకమైన ఆస్పర్జర్స్ గురించి ఒక వాక్యం ఉంది, మిగతావాటిలో లేదు. రెండు వైకల్యాలూ అకౌంట్లు రాయడానికి అడ్డం కావు. అయినా వైకల్యం చెప్పిన దరఖాస్తులకు స్పందన 26 శాతం తగ్గింది. 2018లో ప్రచురించిన ఈ అధ్యయనంలో ఇంకో ముఖ్య విషయం ఉంది. అక్కడి వికలాంగుల చట్టం వర్తించని, 15 మంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న కంపెనీల్లోనే ఈ తేడా ఎక్కువగా కనిపించింది. చట్టం వల్ల మనసులు మారకపోయినా చేతులు కొంత మారతాయి.

సౌకర్యాలకు ఖర్చెక్కువ అన్నది యజమానుల మొదటి భయం. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం నుంచి 1983 నుంచి నడుస్తున్న జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ యజమానుల్ని ఏళ్లుగా అడుగుతూ వస్తోంది. సుమారు సగం మార్పులకు పైసా ఖర్చు కాలేదని వాళ్లే చెప్పారు. ఖర్చైనవాటిలో చాలావరకు ఒక్కసారి పెట్టే కొన్ని వందల డాలర్లు. పని వేళ మార్చడం, నోటిమాటగా చెప్పేది వాట్సాప్‌లో రాసి పంపడం, కుర్చీ స్థలం మార్చడం, కంప్యూటర్‌లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వేయడం ఇలాంటివి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలు. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, అందులో ఒక శాతం మొదటిసారిగా ఆటిజం, మేధోవైకల్యం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలకు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, స్థాయి తగ్గించకూడదు. ఆ పోస్టుకు సరిపోకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. సమాన అవకాశాల విధానం ప్రైవేటు సంస్థలు కూడా ప్రకటించాలి. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్నచోట అందులో ఏ ఉద్యోగాలు సరిపోతాయి, ఏ సౌకర్యాలిస్తారు, ఎవరిని సంప్రదించాలి అన్నవీ ఉండాలి. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఆ పత్రం అడిగి తీసుకోవడం మంచిది.

సౌకర్యం అడిగేటప్పుడు చాలామంది సదరం సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి “దయతో సహకరించగలరు” అని రాస్తారు. అందులో వైకల్యం 60 శాతం అన్న అంకె చూసి మేనేజరుకు ఏం చేయాలో తోచదు. దాని బదులు మూడు వాక్యాలు చాలు. ఏ పని, ఏ అడ్డం, ఏ మార్పు. “రోజూ పది గంటల మీటింగ్‌లో నిర్ణయాలు నోటితో చెబుతున్నారు. నాకు వినికిడి లోపం వల్ల సగం అందడం లేదు. మీటింగ్ కాగానే నిర్ణయాలు గ్రూపులో టైప్ చేయిస్తే పని ఆలస్యం కాకుండా చూసుకోగలను.” ఇలా రాసి తేదీ వేసి ఈ-మెయిల్‌లో పంపితే తర్వాత ఫిర్యాదు చేయాల్సివచ్చినా ఆధారం ఉంటుంది.

పింఛను పోతుందేమో

పరిశోధనల్లో పదేపదే తేలే అడ్డం ఇంకొకటి, పనిలో చేరితే ప్రభుత్వ సాయం ఆగిపోతుందన్న భయం. అమెరికాలో ఆదాయం తక్కువున్న వికలాంగులకిచ్చే ఎస్‌ఎస్‌ఐ అనే భృతిలో నెల సంపాదనలోంచి మొదట 85 డాలర్లు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో సగమే భృతిలోంచి కోస్తారు. 2025లో ఒంటరి మనిషికి అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గరిష్ఠ భృతి 967 డాలర్లు. 585 డాలర్లు సంపాదిస్తే 500లో సగం, అంటే 250 కోత పడుతుంది. భృతి 717, జీతం 585, కలిపి 1,302. పని చేసినవాడి చేతికే ఎక్కువ వస్తుంది. అయినా ఈ లెక్క కాగితం మీద వేసి చూపించేదాకా ఎవరూ నమ్మరు. అందుకే ఐపీఎస్‌లో ఉద్యోగం వెతకడానికి ముందే ఈ లెక్క వేసి ఇవ్వడం ఒక సూత్రం.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. పేద ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు, నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు. నాలుగు నెలలు ఉంటుందో ఉండదో తెలియని ప్రైవేటు ఉద్యోగం కోసం దాన్ని పణంగా పెట్టమంటే తల్లి ఒప్పుకోకపోవడంలో తప్పేముంది? అందుకని ఉద్యోగం చూసిపెట్టేవాళ్లు ముందు సచివాలయంలోనో ఎంపీడీవో ఆఫీసులోనో ప్రస్తుత నిబంధన ఏమిటో, ఏ స్థాయి సంపాదనకు ఏమవుతుందో, ఉద్యోగం పోతే మళ్లీ ఎలా తెచ్చుకోవాలో కనుక్కుని ఇంట్లోవాళ్ల ముందు పెట్టాలి. “ఏం కాదులే” అనకూడదు. ఒక్క ఇంట్లో పింఛను ఆగిందంటే ఊరంతా ఉద్యోగాలకు దూరమవుతుంది.

సొంతంగా బతకడమంటే

అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రాడికి 14 ఏళ్లప్పుడు పోలియో వచ్చి మెడ కింద కదలిక పోయింది. రాత్రిళ్లు ఊపిరి ఆడించే ఐరన్ లంగ్ యంత్రంలో పడుకునేవాడు. 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో చేరితే ఆ యంత్రం హాస్టల్లో పట్టక క్యాంపస్ ఆసుపత్రిలో గది ఇచ్చారు. ఆయన, తోటి విద్యార్థులు కలిసి తమకు సాయం చేసే మనుషుల్ని తామే ఎంచుకోవడం, తామే పని చెప్పడం మొదలుపెట్టారు. 1972లో అక్కడ ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్, అంటే సొంతంగా బతకడానికి తోడ్పడే కేంద్రం వెలిసింది. ఈ ఆలోచనను గెర్బెన్ డిజాంగ్ అనే పరిశోధకుడు 1979లో ఒక పోలికతో వివరించాడు. సాయంతో పదిహేను నిమిషాల్లో బట్టలు వేసుకుని పనికి వెళ్లిపోయే మనిషి, ఒక్కడే రెండు గంటలు తంటాలు పడి వేసుకుని ఇక ఇల్లు కదలలేని మనిషికన్నా స్వతంత్రుడు.

ఉద్యోగానికీ దీనికీ ముడి ఇక్కడే. ఏడింటికి సాయం చేసే మనిషి రాకపోతే తొమ్మిదింటికి ఆఫీసు లేదు. ఆ మనిషి ఎవరి మాట వింటాడు అన్నది అసలు ప్రశ్న. అమెరికాలో ఆర్కాన్సాస్, న్యూజెర్సీ, ఫ్లోరిడా రాష్ట్రాల్లో ఒక ప్రయోగం చేశారు. ప్రభుత్వ ఖర్చుతో ఏజెన్సీ మనిషిని పంపే పద్ధతి ఒక జట్టుకు, ఆ డబ్బునే నెలవారీగా చేతికిచ్చి కావాల్సినవాళ్లను, బంధువులనైనా సరే, పెట్టుకోమనడం ఇంకో జట్టుకు. డబ్బు చేతికొచ్చినవాళ్లలో తీరని అవసరాలు తగ్గాయి, తృప్తి పెరిగింది, ఆరోగ్యం దెబ్బతినలేదు. అయితే డబ్బుతో పాటు లెక్కలు రాసుకోవడానికి, జీతాలివ్వడానికి సలహాదారుణ్ని కూడా ఇచ్చారు. అది లేకుండా చేతికి డబ్బిస్తే నెల తిరిగేసరికి గొడవ సహాయకుడి జీతం దగ్గరే మొదలవుతుంది.

మన పొరుగునే చెన్నైలో బాన్యన్ సంస్థ నడిపే ‘హోమ్ అగెయిన్’ ఉంది. ఏళ్ల తరబడి మానసిక ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్లు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, సాయానికి ఒక మనిషి ఉంటుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాజంలోనే అందించే మానసిక ఆరోగ్య సేవల మంచి నమూనాల్లో దీన్ని చేర్చింది.

గోడలూ మెట్లూ కూడా ఈ లెక్కలోవే. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. గడప ఎత్తు 15 సెంటీమీటర్లయితే ర్యాంపు పొడవు కనీసం 1.8 మీటర్లు. మన దగ్గర చాలాచోట్ల ఒక మీటరులో ముగించేస్తారు. వెనక ఇద్దరు తోస్తే తప్ప ఎక్కదు, దిగేటప్పుడు ముందుకు బోల్తా. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు. టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే చక్రాల కుర్చీ అడ్డుపడి మూయడం కుదరదు, లోపల పడిపోతే బయటివాళ్లు తీయలేరు. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రమాణాల్ని సలహాలుగా వదిలేసిన, వికలాంగుల హక్కుల చట్టం కింద చేసిన నియమాల్లోని 15(1)వ నిబంధన చట్టవిరుద్ధమని, తప్పనిసరి ప్రమాణాలు తేవాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం.

ఇంట్లో పిల్లనో పిల్లాణ్నో ఏదైనా కేంద్రంలో చేర్చే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లి అడగండి. పోయిన ఏడాది ఇక్కడినుంచి ఎంతమంది బయట మామూలు ఉద్యోగాల్లో చేరారు? ఏ జీతానికి? చేరినరోజు నుంచి మొదటి ఉద్యోగం దాకా ఎన్ని రోజులు పట్టింది? ఒక్కో ఉద్యోగ సహాయకుడి కింద ఎంతమంది? ఉద్యోగంలో చేరి మూడు నెలలైనవాళ్లను చూడటానికి చివరిసారి ఎవరు వెళ్లారు, ఏ తేదీన? ఆఖరి ప్రశ్నకు రిజిస్టరు తీసి చూపిస్తే చేర్చండి. బిల్డింగు చూపించడం మొదలుపెడితే ఇంకోచోటు చూసుకోండి.